సైకిల్ లేన్ వేయడం సరే, ఉంచడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లుగా ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నాను. పోనూ రానూ పద్దెనిమిది కిలోమీటర్లు. లిఫ్టులో, చాయ్ బండి దగ్గర, కాలనీ మీటింగుల్లో జనం అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. ప్రతిసారీ నిలబడి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి రెండు ముక్కల్లో అయిపోతుంది.

సైకిల్ లేన్ అంటే రోడ్డు పక్కన తెల్ల గీతేనా?

గీత ఒక్కటే ఉంటే దాన్ని లేన్ అనడానికి నాకు మనసొప్పదు. మన దగ్గర మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఉత్త పెయింటు: ఆకుపచ్చ రంగు పట్టీ, దాని మీద సైకిల్ బొమ్మ. రెండోది, ఆ పట్టీ పక్కన ప్లాస్టిక్ స్తంభాలో సిమెంటు దిమ్మెలో పెట్టినది. మూడోది రోడ్డు కన్నా కాస్త ఎత్తులో, ఫుట్‌పాత్‌కి ఆనుకుని, మధ్యలో కెర్బ్ రాయి కట్టి విడిగా వేసినది. దీన్ని ట్రాక్ అంటారు. గంటకి ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటని కాలనీ రోడ్డులో మొదటి రకం కూడా పనికొస్తుంది. బస్సులు, లారీలు తిరిగే రోడ్డులో మాత్రం పెయింటు ఎవరినీ ఆపదు.

వెడల్పు రెండు మీటర్లయినా ఉండాలి. మీటరున్నర ఇచ్చి చేతులు దులుపుకుంటే, వెనక సీటుకి రెండువైపులా పాలక్యాన్లు కట్టుకుని వెళ్లే మనిషిని దాటడానికి పక్కవాడు మళ్లీ రోడ్డులోకే దిగాలి.

మన ఊళ్లో సైకిల్ తొక్కేదెవరండీ? ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుందిగా?

మీరు ఎన్నింటికి చూశారు? మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తెల్లవారుజామున అయిదుంపావుకి డ్యూటీ దిగి సైకిల్ ఎక్కుతాడు. హ్యాండిల్‌కి స్టీలు క్యారియర్, వెనక క్యారేజీకి మడిచి కట్టిన దుప్పటి. ఆ టైములో రోడ్డు మీద పేపర్ కుర్రాళ్లు, పాలవాళ్లు, హోటళ్లలో వంట పనికి వెళ్లేవాళ్లు, సైట్లకి పోయే మేస్త్రీలు ఉంటారు. తొమ్మిదిన్నరకి మీరు కారు తీసేసరికి వాళ్లంతా పనిలో ఉంటారు. 2011 జనగణన లెక్కలో దేశంలో 2.6 కోట్ల మందికి పైగా పనికి సైకిల్ మీదే వెళ్తున్నట్టు తేలింది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక వేరే పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం. సైకిల్ అనగానే గుర్తొచ్చే బిగుతు చొక్కా, నల్ల కళ్లజోడు మనుషులు ఇందులో పిడికెడు మంది.

ఇంకో సంగతి. రోడ్డు మీద ఆగిపోయినవే కంటికి ఆనతాయి. ముప్ఫై కార్లు సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు నిలబడితే మనకి రోడ్డు నిండుగా కనిపిస్తుంది. అదే నాలుగు నిమిషాల్లో ముప్ఫై సైకిళ్లు దాటిపోయినా లేన్ ఖాళీగానే కనిపిస్తుంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ ఉందిగా. అది చాలదా?

ఉంది. 2023 అక్టోబర్ 1న మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర. పైకప్పంతా సోలార్ పలకలే, 16 మెగావాట్ల కరెంటు సామర్థ్యం. దక్షిణ కొరియాలో హైవే మీద ఉన్నదాన్ని చూసి కట్టారు. ఎండాకాలంలో ఆ నీడలో తొక్కుతుంటే ప్రాణం లేచొస్తుంది, కాదనను. ఆదివారం పొద్దున పిల్లలతో వెళ్లడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలిసి నగరంలో లేదు.

కానీ అది షికారుకి. అక్కడికి వెళ్లడానికి చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్తారు. ఇంట్లో బయల్దేరి ఆఫీసుకో, బడికో, మెట్రో స్టేషన్‌కో చేరాలంటే అది దారిలో తగలదు. మెహదీపట్నంలోనో కూకట్‌పల్లిలోనో ఉండేవాడికి కావలసింది ఇంటి నుంచి మెట్రో మెట్ల దాకా రెండు కిలోమీటర్లు. ఆ రెండూ దొరికితే ఆ ఇరవైమూడింటి ఊసు ఎత్తను.

ఉన్న రోడ్డే ఇరుకు. అందులో సైకిళ్లకి వాటా ఇస్తే ట్రాఫిక్ పెరగదా?

కొన్నిచోట్ల పెరుగుతుంది. పెరగదని అడ్డంగా చెప్పేవాళ్లని నమ్మకండి. పాతబస్తీ గల్లీలో లేన్ వేస్తామంటే నేనే వద్దంటాను. అక్కడ కావలసింది వేగం తగ్గించడం. పెద్ద రోడ్ల సంగతి వేరు. వాటిలో ఎడమవైపు లేన్ ఇప్పటికే పార్కింగ్‌కి పోయింది. ఆగి ఉన్న కార్లు, ఎవరి కోసమో ఎదురుచూస్తున్న క్యాబులు, ఇసుక కుప్పలు. సైకిళ్లకి ఇవ్వమంటున్నది కదిలే కార్ల చోటు కాదు, కదలని కార్ల చోటు.

2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలో ఒక మంచి మాట ఉంది: రోడ్డు మీద చోటు పంచేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసింది బండ్లని కాదు, మనుషుల్ని. ఆ లెక్కన ముందు వాటా బస్సుది. ఒక రోడ్డులో బస్సు లేనో సైకిల్ లేనో ఒక్కటే పడుతుందంటే నేను బస్సుకే ఓటేస్తాను. తోటి సైకిలిస్టులకి ఈ మాట నచ్చదు. నచ్చకపోతే పోనీ.

వేసిన లేన్ ఆర్నెల్లకే ఎందుకు మాయమవుతుంది?

అసలు అడగవలసిన ప్రశ్న ఇదే. వేయడానికి డబ్బు, ఫొటోలు, రిబ్బన్లు అన్నీ దొరుకుతాయి. ఉంచడం ఎవరి పనీ కాదు.

2020లో కరోనా మొదటి లాక్‌డౌన్ సడలించాక కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ, సైకిల్ తొక్కడానికి ఎవరు బాగా వీలు కల్పిస్తారని నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. దేశంలో చాలా నగరాలు తాత్కాలిక లేన్లు వేసి చూశాయి. 2021లో గెలిచిన పదకొండు నగరాల్లో మన వరంగల్ కూడా ఉంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద వేసిన లేన్‌కి అప్పట్లో ఎంత పేరొచ్చిందో గుర్తుందా? తర్వాత స్తంభాలు విరిగాయి, బండ్లు దూరాయి, మెట్రో పనులు వచ్చాయి. దాని మీద రోజూ వెళ్లొచ్చినవాళ్లు మళ్లీ లారీల పక్కకి వచ్చారు.

మా దారిలో ఒక లేన్ చచ్చిపోవడం దగ్గరుండి చూశాను. మొదటి నెలలో ఒక స్తంభం విరిగింది. కారు రివర్స్ తీసుకుంటూ గుద్ది ఉంటుంది. కింద నాలుగు బోల్టులు, చిరిగిన నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క మిగిలాయి. ఆ బోల్టులకే నా ట్యూబు ఒకసారి పోయింది. విరిగిన చోట సరిగ్గా ఒక బైకు పట్టేంత సందు. వారం తిరక్కుండా అందులో రెండు బైకులు నిలబడ్డాయి. తర్వాత కొబ్బరిబోండాల బండి వచ్చింది. బండి వెనక బోండాల డిప్పల గుట్ట. ఎదురుగా అపార్ట్‌మెంట్‌కి వచ్చే నీళ్ల ట్యాంకర్‌కి ఆగడానికి చోటు చిక్కింది. ట్యాంకర్ నుంచి కారిన నీళ్లకి పెయింటు పొట్టు పొట్టుగా లేచింది. కేబుల్ కోసం తవ్వినవాళ్లు మట్టి కప్పి, తారు వేయకుండా పోయారు. ఆ గుంతలో పడలేక మేం రోడ్డులోకి దిగాం. మేం రోడ్డులోకి దిగాం కాబట్టి "లేన్‌ని ఎవరూ వాడట్లేదు" అన్నారు. ఆ ఏడాది రోడ్డుకి కొత్తగా తారు వేసినప్పుడు సైకిల్ బొమ్మ అడుగున పడిపోయింది. ఎవరూ తీసేయలేదు, ఏ మీటింగులోనూ నిర్ణయం జరగలేదు.

అందుకే చెప్తున్నాను, మొదటి స్తంభం విరిగిన వారంలో కొత్తది పెడితే ఖర్చు కొన్ని వందలో వేలో. ఆ వారం దాటితే లేన్ చేయి జారిపోయినట్టే.

ఢిల్లీలో వేసి, పీకేశారుగా? అది పనికిరాదని తేలినట్టేగా?

అంబేద్కర్‌నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్ కారిడార్ గురించే కదా మీరంటున్నది? 2008లో మొదలైంది. బస్సులు మధ్యలో, కార్లు పక్కన, చివర సైకిళ్లకి విడిగా దారి. 2015లో తీసేయాలని నిర్ణయించి 2016లో పగలగొట్టారు. పేచీ అంతా బస్సులకిచ్చిన చోటు గురించి, సిగ్నళ్ల దగ్గర కార్ల క్యూల గురించి. సైకిల్ దారి మీద పెద్ద గొడవేమీ లేదు. కానీ పగలగొట్టేవాళ్లకి అదీ ఇదీ వేరుగా కనపడదు కదా. కారిడార్ పోయాక రోడ్డు ఖాళీ అయిందా అంటే, ఆ దారిలో సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి.

ఇలా తీసేయడం మన దేశంలోనేనా?

కాదు. కెనడాలో టొరంటో సంగతి వినండి. మనవాళ్ల పిల్లలు చాలామంది అక్కడ చదువుకుంటున్నారు, సాయంత్రాలు సైకిల్ మీద ఫుడ్ డెలివరీలు చేస్తున్నారు. అందుకని ఇది మనకి మరీ దూరపు కథేం కాదు.

అక్కడ బ్లూర్ అనే పెద్ద వీధిలో 2016లో ప్రయోగంగా సైకిల్ లేన్లు వేసి, ఫలితం చూసి 2017లో శాశ్వతం చేశారు. ఆ తర్వాత యాంగ్ వీధి, యూనివర్సిటీ అవెన్యూ కూడా వరసలో చేరాయి. 2024 నవంబర్‌లో ఆంటారియో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి, ఆ మూడు రోడ్ల మీది లేన్లు తీసేస్తామంది. కారణం ట్రాఫిక్ జామ్. నగర పాలక సంస్థ వద్దంది. సైకిల్ తొక్కేవాళ్లు కోర్టుకి వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో కోర్టు తాత్కాలికంగా పనులు ఆపింది, జులై 30న తీర్పిచ్చింది. లేన్లు తీసేస్తే ట్రాఫిక్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, తీసేస్తే మనుషులు గాయపడతారని, చనిపోతారని ఆధారం ఉంది, అది తెలిసీ తీసేయడం ప్రాణరక్షణ హక్కుకి విరుద్ధం అని ఆ తీర్పు సారాంశం. ప్రభుత్వం అప్పీలుకి వెళ్తామంది.

నాకు ఆ తీర్పులో నచ్చింది ఒక తేడా. లేన్ వేసి తీరాలని ఎవరికీ హక్కు ఉందని కోర్టు అనలేదు. వేసి, జనం దాన్ని నమ్ముకున్నాక, కారణం లేకుండా లాగేసుకోవద్దంది.

షాపులవాళ్లు గొడవ చేస్తారు. వాళ్ల గిరాకీ మాటేమిటి?

పార్కింగ్ పోతే గిరాకీ పోతుందని ప్రతి ఊళ్లో షాపులవాళ్లూ అంటారు. బ్లూర్ వీధిలోనే 2009లో ఒక సర్వే చేస్తే, కొనడానికి వచ్చేవాళ్లలో కారులో వచ్చేది పదిమందిలో ఒక్కరే అని తేలింది. షాపులవాళ్లు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువనుకున్నారు. మన దగ్గర ఇలాంటి లెక్క ఎవరైనా తీస్తే బాగుండు. షాపు ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలకుండా ఉండే బండి చాలాసార్లు ఆ షాపు యజమానిదే.

తోపుడు బండ్ల విషయం వేరు. వాళ్లని తరిమితే లేన్ మిగలదు, నాలుగు రోజుల్లో మళ్లీ వస్తారు. రావాలి కూడా, వాళ్ల పొట్టకూడు అది. ప్లాను గీసేటప్పుడే లేన్‌కీ ఫుట్‌పాత్‌కీ మధ్య బండ్లకి చోటు వదిలిన రోడ్డులో ఈ గొడవ రాదు. మామూలుగా ఆ చోటు ప్లానులో ఉండదు, ఎందుకంటే ప్లాను గీసినవాళ్లు కాగితం మీద బండ్లు లేవనుకుంటారు.

లేన్‌లోకి బైకులు వస్తున్నాయి. చట్టం ఏమంటుంది?

రావద్దంటుంది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నియమాల ప్రకారం ఫుట్‌పాత్ మీద, సైకిల్ ట్రాక్ మీద మోటారు బండి నడపకూడదు, ఆపకూడదు. చలాన్ వేయొచ్చు. వేస్తారా అంటే, నేను చూడలేదు.

స్తంభాలతో బైకుని ఆపలేం. సైకిల్ పట్టే సందులో బైకూ పడుతుంది. ఎత్తుగా కట్టిన ట్రాక్ మీదకి మాత్రం తక్కువ ఎక్కుతారు, ఎక్కినా నెమ్మదిగా పోతారు. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లతోనే అసలు టెన్షన్. పోయినేడాది వానలో ఒకాయన హెడ్‌లైట్ లేకుండా ఎదురొచ్చాడు. ఇద్దరం ఒకేవైపు తప్పుకోబోయాం. నా చేతికి చీరుకుపోయింది, ఆయన సంచిలో టమాటాలు దొర్లిపోయాయి. ఇద్దరం కూర్చుని టమాటాలు ఏరుకున్నాం. "యూటర్న్ కిలోమీటరు అవతల ఉంది సార్, ఏం చేయను" అన్నాడు. ఆయనదీ అబద్ధం కాదు. యూటర్న్‌లని అంతంత దూరం పెడితే ఆ భారం సైకిల్ లేన్ మీదే పడుతుంది.

జంక్షన్ల దగ్గర లేన్ ఎందుకు ఆగిపోతుంది?

అక్కడ కష్టం కాబట్టి. కష్టమైన చోటే వదిలేయడం మనకి అలవాటు. చూడండి, నేరుగా ఉన్న దారిలో స్తంభాలుంటాయి, కూడలికి యాభై అడుగుల ముందు అన్నీ ఆగిపోతాయి. సరిగ్గా అక్కడే ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్‌తో పని లేకుండా బండ్లు ఎడమకి తిరిగే దారి. నేరుగా వెళ్లాలనుకున్న సైకిల్‌ని ఎడమవైపు తిరిగే బస్సు కోసుకుంటూ పోతుంది. పెద్ద బండి డ్రైవర్‌కి ఎడమ చక్రం పక్కన ఉన్న సైకిల్ అద్దంలో కనపడదు.

చేయవలసినవి మరీ ఖరీదైనవేం కావు. ఫ్రీ లెఫ్ట్ మూసి అదీ సిగ్నల్ మీదే వదలడం. మలుపు మూల ఇంకాస్త ఇరుగ్గా కట్టడం, అప్పుడు బండి ఇరవై దాటి తిరగలేదు. సైకిళ్లు ఆగడానికి కార్ల కన్నా రెండు గజాలు ముందు గీత గీయడం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో సైకిల్ మీద ఉన్నవాళ్లు 4,800 మందికి పైనే.

హెల్మెట్ తప్పనిసరా?

సైకిల్‌కి చట్టం అడగదు. నేను పెట్టుకుంటాను. దానికన్నా ముందు వెనక ఎర్ర లైటు కొనండి.

ఎండలు, వానలు?

ఎండకి చెట్టు. రోడ్డు వెడల్పు చేసే పేరుతో చెట్లు కొట్టేసి, ఆ చోట సైకిల్ ట్రాక్ వేసే తెలివి మాత్రం వద్దు. వానకి నాకింకా ఉపాయం దొరకలేదు. ఆఫీసులో ఒక జత బట్టలు ఉంచుకుంటాను. నీళ్లు నిలిచిన చోట మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు కాబట్టి దిగి నడుస్తాను.

బ్యాటరీ సైకిల్ లేన్‌లో రావచ్చా?

మోటారు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్లు దాటకపోతే మన నిబంధనల్లో అది మోటారు వాహనం లెక్కలోకి రాదు. రానివ్వండి. యాభైలో దూసుకొచ్చే డెలివరీ స్కూటర్ వేరు, అది రోడ్డు మీదే పోవాలి.

పిల్లలు, ఆడవాళ్లు తొక్కగలరా?

లేన్ బాగుందో లేదో చెప్పడానికి నాకున్న కొలత అదే. బీహార్‌లో 2006లో ఆడపిల్లలకి బడికి వెళ్లడానికి సైకిళ్లివ్వడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి ఇచ్చారు. పల్లెల్లో ఆ సైకిళ్లు బాగానే తిరిగాయి. నగరానికొచ్చేసరికి సైకిల్ కొనిచ్చిన తల్లే గేటు దాటనివ్వదు. మా అమ్మాయికి పదమూడేళ్లు. బడి కిలోమీటరున్నర. సెల్లార్‌లో గుండ్రంగా తిరుగుతుంది, బడికి మాత్రం ఆటో. పంపడానికి నాకే ధైర్యం చాలట్లేదు. ఇన్ని మాటలు చెప్పే నాకే.

మా వీధిలో లేన్ పోకుండా నేనేం చేయొచ్చు?

నేను చేసి చూసినవి చెప్తాను. ఫొటో ప్రతిసారీ ఒకేచోట నిలబడి తీయండి, వెనక షాపు బోర్డు కనిపించేలా. మూడు నెలల ఫొటోలు వరసగా పెడితే ఎవరూ కాదనలేరు. ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా చాయ్ బండి దగ్గర కూర్చుని సైకిళ్లు లెక్కపెట్టండి. నేను కాగితం మీద అయిదేసి గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను, రెండో పేజీ తిప్పాల్సి వచ్చింది. చాయ్ అమ్మే ఆయన నన్ను సర్వే ఆఫీసర్ అనుకుని డబ్బులు తీసుకోలేదు.

ఫిర్యాదు నోటితో చెప్పొద్దు. అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో కాగితం ఇచ్చి నంబరు తీసుకోండి. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలడగండి: ఈ లేన్ ఏ విభాగం కిందకి వస్తుంది, ఈ ఏడు దాని మరమ్మతుకి ఎంత కేటాయించారు, రోడ్డుకి మళ్లీ తారు ఎప్పుడు వేస్తారు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మాకు మొదటి ప్రశ్నకి రెండు విభాగాల నుంచి "మాది కాదు" అని వచ్చింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మా కార్పొరేటర్‌కి చూపిస్తే నవ్వి, అప్పుడు ఇంజినీర్‌కి ఫోన్ చేశారు.

మూడో ప్రశ్న మరవకండి. తారు వేసే వారమే ముఖ్యం. కాంట్రాక్టరు పని పత్రంలో సైకిల్ లేన్ గీతలు మళ్లీ వేయాలని లేకపోతే ఆయన వేయడు, వేయకపోవడం ఆయన తప్పూ కాదు.

ఇంతా చెప్పి, మీరింకా సైకిల్ మీదే వెళ్తున్నారా?

వెళ్తున్నాను. కార్పొరేటర్ ఫోన్ తర్వాత మా దారిలో మూడు వందల మీటర్ల దాకా స్తంభాలు కొత్తవి పెట్టారు. ట్యాంకర్ ఇప్పుడు సందులోకి వెళ్లి ఆగుతోంది. కొబ్బరిబోండాల ఆయన బండిని వేపచెట్టు కిందకి, ఫుట్‌పాత్ వెడల్పుగా ఉన్నచోటికి జరిపాడు. అక్కడే గిరాకీ బాగుందట. నిన్న ఆయన బండి దగ్గర ఆగితే, వరసలో ఏడో స్తంభం కొంచెం ఊగుతోంది, బోల్టు వదులైందని ఆయనే చూపించాడు. ఈ సోమవారం కాగితం రాయాలి.